పన్నెండు కిలోల పిండి, మూడు ప్యాకెట్లు, ఒక ఎక్స్

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. పెళ్లయ్యాక చెన్నై వచ్చి పెరంబూరులో ఉంటున్నాం. మా ఆయన పోర్టులో కాంట్రాక్టు పని చేస్తారు. నేను ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బి వీధిలో వాళ్లకి అమ్ముతాను. రోజూ 18 కిలోలు రుబ్బి 36 ప్యాకెట్లు కడతాను. మా వాడు ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. అంకెలతో భాగహారం చకచకా చేస్తాడు. ఎక్స్ కనబడితే చాలు, టెన్షన్. 12 బై ఎక్స్ ఈక్వల్ టు 3 అని ఇస్తే ఎక్స్ 36 అని రాశాడు. పైన ఎక్స్ ప్లస్ 6, కింద ఎక్స్ ఉంటే రెండు ఎక్స్‌లూ కొట్టేసి 6 అంటాడు. ఆన్సర్ ఎక్స్ బై 4 అని వస్తే "ఇంకా అవలేదమ్మా, ఎక్స్ ఎంతో తెలీదుగా" అని అక్కడే కూర్చుంటాడు. ట్యూషన్‌లో అడిగితే రూల్స్ బట్టీ పట్టమన్నారట. నేను తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివాను, అదీ ఇరవై ఏళ్ల కిందట. వాడికి నేనేం చెప్పగలను? ట్యూషన్ మార్చాలా?
ఒక అమ్మ, పెరంబూరు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో "18 కిలోలు రుబ్బి 36 ప్యాకెట్లు కడతాను" అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. అంటే అరకిలో ప్యాకెట్లన్నమాట. 18ని అరతో భాగిస్తే 36. ఈ లెక్కే నేను పదో తరగతి పిల్లలకి బోర్డు మీద ఇస్తే చాలామంది 9 అనేవాళ్లు. భాగిస్తే తగ్గాలి కదా అని వాళ్ల ధీమా. మీరు దాన్ని కాగితం, పెన్సిలు లేకుండా రోజూ పొద్దున్నే చేసేస్తున్నారు. కాబట్టి "నేనేం చెప్పగలను" అన్నది ముందు పక్కన పెట్టండి.

గొడవంతా ఎక్స్‌తోనే అని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. మీరు రాసిన మూడు తప్పుల్లోనూ భాగహారం ఉంది. ఎక్స్ ప్లస్ 5 ఈక్వల్ టు 9 అని ఇచ్చి చూడండి, తడుముకోకుండా 4 అంటాడని నా నమ్మకం. వాడికి భాగహారం చేయడం వచ్చు. అదేమిటో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు. అంకెలున్నంతసేపూ ఆ లోటు బయటపడదు. ఎక్కం గుర్తు తెచ్చుకోవడం, కింద రాసి తీసెయ్యడం, పై అంకె దించుకోవడం, ఇలా చెయ్యి తనంతట తనే నడిచిపోతుంది. ఎక్స్‌కి ఎక్కం లేదు. అక్కడ చెయ్యి ఆగిపోతుంది.

భాగహారం అంటే పంచడం అని మూడో తరగతిలో చెబుతారు. 12 లడ్డూలు నలుగురికి పంచితే తలా మూడు. తప్పేమీ లేదు, కానీ అది సగమే. 12 కిలోల పిండిని 4 కిలోల చొప్పున కడితే ఎన్ని ప్యాకెట్లు? అదీ మూడే, అదీ భాగహారమే. మొదటి లెక్కలో మూడు లడ్డూలు, రెండో దాంట్లో మూడు ప్యాకెట్లు. అంకె ఒకటే, అడిగిన ప్రశ్న వేరు. మీ వాడికి మొదటిది మాత్రమే తెలిసి ఉంటుంది. అరతో భాగించమంటే "అరమనిషికి ఎలా పంచాలి" అని ఆగిపోయే పిల్లలంతా ఈ కోవలోని వాళ్లే. "చొప్పున" అన్న మాట పట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. అరకిలో చొప్పున, పావుకిలో చొప్పున, ఎక్స్ కిలోల చొప్పున. మీరు రోజుకి పదిసార్లు వాడే మాటే కదా.

మీ చిన్నప్పుడు ఒక వాక్యం అప్పజెప్పించి ఉంటారు: విభాజ్యం = విభాజకం × భాగఫలం + శేషం. ఇరవై ఏళ్లయినా అది ఎక్కడో ఉండే ఉంటుంది. సరిచూసుకోవడానికని నేర్పారు గానీ, నా దృష్టిలో భాగహారానికి అసలు అర్థం అదే. పిండి మొత్తం = ఒక్కో ప్యాకెట్ తూకం × ప్యాకెట్ల సంఖ్య, ఆపైన గిన్నె అడుగున ఏమైనా మిగిలితే అది. మీ వాడి బీజగణితానికి ఈ ఒక్క వాక్యం చాలావరకు సరిపోతుంది. శేషాన్ని ప్రస్తుతానికి వదిలెయ్యండి. పెద్ద తరగతుల్లో 7ని 2తో భాగిస్తే మూడు, శేషం ఒకటి అనం. ఏడు బై రెండు అనే రాస్తాం, అంటే మూడున్నర. గిన్నెలో మిగిలింది కూడా ప్యాకెట్‌లోకి వెళ్లిపోయిందన్నమాట.

ఇప్పుడు ఆ 36 సంగతి చూద్దాం. 12 బై ఎక్స్ = 3. మీ భాషలో చదివితే, 12 కిలోల పిండిని ఎక్స్ కిలోల చొప్పున కడితే మూడు ప్యాకెట్లు వచ్చాయి. మీ వాడి జవాబు ప్రకారం ఒక్కో ప్యాకెట్‌లో 36 కిలోలున్నాయి. ఉన్నదే పన్నెండు! ఈ మాట వాడితో అనండి, వాడే నవ్వుతాడు. విభాజ్యం 12, విభాజకం ఎక్స్, భాగఫలం 3. కాబట్టి 12 = ఎక్స్ × 3, ఎక్స్ 4.

అయితే ఆ 36 గాల్లోంచి ఊడిపడలేదు. ఎక్స్ బై 12 = 3 అని అడిగి ఉంటే అదే సరైన జవాబు. ఎంతో తెలియని పిండిని 12 ప్యాకెట్లుగా కడితే ఒక్కోదాంట్లో 3 కిలోలు వచ్చింది, మొత్తం 36. అంటే వాడు వేరే ప్రశ్నకి జవాబు రాశాడు. గీత పైన ఉన్నదీ, కింద ఉన్నదీ వాడికి ఒకేలా కనిపిస్తున్నాయి. దీనికి నోటి అలవాటు కూడా కొంత కారణమని నా అనుమానం. వీధిలో తమిళంలో వగుత్తల్, బళ్లో డివిజన్, ఇంట్లో భాగహారం. మూడు భాషల మధ్య ఆఖరికి నాలుక మీద మిగిలేది "ట్వెల్వ్ బై ఎక్స్". ఆ "బై"లో దేన్ని దేనితో భాగిస్తున్నామో వినపడదు. "పన్నెండుని ఎక్స్‌తో భాగిస్తే" అని తెలుగులో పూర్తిగా చదివించండి. "ని" ఎవరికి, "తో" ఎవరికి అన్నది తేలిపోతే సగం పని అయినట్టే.

ఇక "అటు వెళ్తే మారుతుంది" అన్న రూలు. ప్లస్ అవతలికి వెళ్తే మైనస్, గుణకారం వెళ్తే భాగహారం. మీరూ పక్షాంతరం అని నేర్చుకునే ఉంటారు. ట్యూషన్ వాళ్లని తప్పు పట్టే ముందు నా సంగతీ చెప్పాలి, ఎందుకంటే చాలా ఏళ్లు నేనూ అదే చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి, "సార్, అవతలికి వెళ్తే మారుతుందన్నారు, ఎవరు మారుస్తారు?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వి కూర్చోమన్నాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఏదీ ఎక్కడికీ వెళ్లదు. రెండు తట్టలూ సరితూగిన తక్కెడలో రెండు వైపులా ఒకే పని చేస్తాం, అంతే. 3ఎక్స్ = 12 అయితే రెండు వైపులా మూడో వంతు తీసుకుంటాం. 12 బై ఎక్స్ = 3 అయితే రెండు వైపులా ఎక్స్‌తో గుణిస్తాం. అప్పుడు ఎడమ పక్క 12, కుడి పక్క 3ఎక్స్. మీ వాడు "బై ఉంది కదా, అటు వెళ్తే ఇంటూ" అని 12ని 3తో గుణించేశాడు. రూలు గుర్తుంది గానీ అది ఎవరికి వర్తిస్తుందో గుర్తులేదు. బట్టీ పట్టిన రూలుతో వచ్చే చిక్కు ఇదే.

ఒక చిన్న ఉపాయం. కొన్నాళ్లపాటు ఎక్స్‌ని పక్కన పెట్టి "ప" అని రాయించండి. ఏ అక్షరమైనా ఒకటే. తెలియని రాశులకి ఎక్స్, వై, జెడ్ వాడే అలవాటు 1637లో డెకార్ట్ అనే ఫ్రెంచి ఆయన పుస్తకం నుంచి పాకింది. అంతకు దాదాపు అయిదు వందల ఏళ్ల ముందే మన భాస్కరాచార్యుడు బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, అంటే "ఎంతయితే అంత" అని. రెండోది కావాల్సి వస్తే కాలక, ఇంకోటి కావాలంటే నీలక, పీతక, లోహితక. నలుపు, నీలం, పసుపు, ఎరుపు! రంగుల పేర్లతో లెక్కలు చేసిన దేశంలో మీ వాడు "ప" అని రాస్తే కొంపలేం మునగవు. పరీక్షలో మళ్లీ ఎక్స్ రాస్తాడు.

కానీ ఒక్క జాగ్రత్త. "ప" అంటే ప్యాకెట్ అని చెప్పకండి. "ప" అంటే ఒక్కో ప్యాకెట్‌లో పట్టే కిలోల సంఖ్య. అది అంకె, వస్తువు కాదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, చాలా చోట్ల "ఏ అంటే యాపిల్, బీ అంటే బనానా, 3ఏ ప్లస్ 2బీ అంటే మూడు యాపిళ్లు, రెండు అరటిపళ్లు" అని మొదలుపెడతారు. కూడికల దాకా ఆ పళ్లబుట్ట బాగానే ఉంటుంది. భాగహారం రాగానే బుట్ట తిరగబడుతుంది. యాపిల్‌ని అరటిపండుతో భాగిస్తే ఏమొస్తుంది? ఫ్రూట్ సలాడ్! ఎక్స్‌ని వస్తువనుకున్న పిల్లవాడికి 12 బై ఎక్స్ అర్థం కాకపోవడంలో వింతేముంది?

కొట్టివేత సంగతికి వద్దాం. నన్నడిగితే మీ ఉత్తరంలో అసలైన తప్పు ఇదే, కాలేజీకి వెళ్లినా వదలనిది కూడా ఇదే. "కొట్టేయడం" అన్న మాటలోనే మోసం ఉంది. పిల్లలు దాన్ని తుడిచెయ్యడం అనుకుంటారు. నిజానికి అక్కడ జరిగేది పైనా కిందా ఒకే అంకెతో భాగించడం. 12 బై 4 అన్నా, 6 బై 2 అన్నా, 3 అన్నా ఒకటే. రాత్రి గిన్నెలో సగానికున్న పిండి తెల్లారేసరికి మూత దాకా పొంగుతుంది, అయినా త్రాసు మీద పెడితే తూకం మారదు కదా, అలాగన్నమాట.

పైన 6ప, కింద ప ఉందనుకోండి. 6ప అంటే ఆరు ప్యాకెట్లకి సరిపడా పిండి. దాన్ని ప కిలోల చొప్పున కడితే ఆరు ప్యాకెట్లు. ఇక్కడ కొట్టేసి 6 అంటే నూటికి నూరు మార్కులు. ఇప్పుడు పైన ప ప్లస్ 6, కింద ప. ఇది ఒక ప్యాకెట్‌కి సరిపడా పిండి, దానికి తోడు 6 కిలోలు. మొదటి దాంట్లో 6 అంటే ఆరుసార్లు, రెండో దాంట్లో 6 అంటే ఆరు కిలోలు. ఇది మీరు గిన్నెలతో చూపించవచ్చు. ఒక ప్యాకెట్ కట్టి పక్కన పెట్టండి, అది ఒకటి. మిగిలిన 6 కిలోలని ప కిలోల చొప్పున కడితే 6 బై ప ప్యాకెట్లు. మొత్తం 1 ప్లస్ 6 బై ప. జవాబు అదే, అక్కడితో ఆగాలి. వాడు పై ఎక్స్‌ని కొట్టేసినప్పుడు కట్టిన ప్యాకెట్ ఒకటి మాయమైంది, మిగిలిన 6 కిలోలని భాగించడమే మరిచిపోయాడు. ఒకే గీతతో రెండు తప్పులు.

నమ్మకపోతే అంకెలు వేసి చూడమనండి. ప బదులు 2 వేస్తే పైన 8, కింద 2, జవాబు 4. 3 వేస్తే 9 బై 3, జవాబు 3. 1 వేస్తే 7. ఎక్కడా 6 రాలేదు. ఇక్కడొక సరదా ఉంది. ప బదులు 1.2 వేస్తే, అంటే కిలో రెండు వందల గ్రాముల ప్యాకెట్లయితే, పైన 7.2, కింద 1.2, జవాబు కచ్చితంగా 6! మీ వాడు మొదటే ఆ అంకె వేసి ఉంటే "చూశావా, నేనే రైటు" అని ఎగిరేవాడు. అందుకే ఒక అంకె వేసి సరిపోయిందని సంతోషపడకూడదు. తప్పని తేల్చడానికి ఒక్క అంకె చాలు, రైటని నమ్మడానికి ఒక్కటి చాలదు.

గీత గురించి ఒక మాట. కింది తరగతుల్లో చుక్క, గీత, చుక్క ఉన్న గుర్తు (÷) బీజగణితంలోకి వచ్చేసరికి దాదాపు కనబడకుండా పోతుంది. దాని పని ఆ అడ్డగీత చేస్తుంది, పైగా బ్రాకెట్ పని కూడా తనే చేస్తుంది. గీత పైన ఉన్నదంతా ఒక మూట. ప ప్లస్ 6ని ఇద్దరికి పంచితే తలా సగం ప, 3 కిలోలు రావాలి. ఒకటి పంచి రెండోది పంచకుండా ఉంచడం కుదరదు. గీతని పైనున్న మొత్తానికీ వచ్చేంత పొడుగ్గా గీయించండి. సగం మందికి పొట్టిగీత వల్లే తప్పులొస్తాయి.

"ఇంకా అవలేదమ్మా" అని కూర్చోవడం గురించి. నాకు ఆ మాట ముచ్చటగా అనిపించింది, ఎందుకంటే వాడి బాధలో న్యాయముంది. ఇన్నాళ్లూ భాగహారం అంటే చేసి ముగించాల్సిన పని. 20 బై 4 అని రాసి వదిలేస్తే మార్కులు పోయేవి, 5 అని తేల్చాలి. ఇప్పుడు ఎక్స్ బై 4 అని రాసి "అయిపోయింది" అంటున్నారు. ఇక్కడ ప్రశ్నా జవాబూ ఒకే రూపంలో ఉన్నాయి. ఎక్స్ బై 4 అంటే "ఎక్స్‌ని నాలుగో వంతు చెయ్యి" అన్న ఆజ్ఞా అవుతుంది, అలా చేస్తే వచ్చే సంఖ్యా అవుతుంది.

మీ పాత పుస్తకంలో రెండు మాటలుండేవి, సమాసం, సమీకరణం. మధ్యలో "ఈక్వల్ టు" ఉంటే సమీకరణం, అక్కడ ఎక్స్ ఎంతో వెతకాలి. లేకపోతే అది సమాసం, అక్కడ వెతకడానికేమీ లేదు. 18 బై ప అన్నది సమాసం. మీరు ఒక రోజు అరకిలో ప్యాకెట్లు కడితే అది 36, కిలోవి కడితే 18, రెండు కిలోలవి కడితే 9, పావుకిలోవి కడితే 72. ప మారుతుంటే ప్యాకెట్ల సంఖ్యా మారుతుంది. చరరాశి అని ఎంత చక్కని పేరు పెట్టారో చూడండి, చరించేది. కదులుతున్న దాన్ని పట్టుకుని "నువ్వెంత" అని అడిగితే ఏం చెబుతుంది? రేపు ఏ సైజు ప్యాకెట్లు కట్టాలో తేలాక 18 బై ప తన విలువ చెబుతుంది. ఒక కాగితం మీద ఈ నాలుగు వరుసలూ వాడి చేత రాయించి గ్రైండర్ పక్కన అంటించండి.

ఆ వరుసలు రాస్తున్నప్పుడు వాడు "సున్నా వేస్తే?" అని అడగొచ్చు. అడిగితే ఆ రోజు పాయసం చెయ్యండి. సున్నా కిలోల ప్యాకెట్లు ఎన్ని కడితే 18 కిలోలు ఖర్చవుతాయి? కోటి కట్టినా గిన్నె ఖాళీ కాదు. 18 = 0 × భాగఫలం అవ్వాలంటే ఏ అంకే కుదరదు, అందుకే సున్నాతో భాగించకూడదంటారు. మరి సున్నాని సున్నాతో? అక్కడ ఏ అంకె వేసినా కుదురుతుంది, అదింకా పెద్ద చిక్కు. 628లో బ్రహ్మగుప్తుడంతటి గణితవేత్తే సున్నా బై సున్నా సున్నాయే అని రాశాడు. ఈనాటి గణితం దాన్ని ఒప్పుకోదు.

రామానుజన్ గురించి ఒక కథ చెబుతుంటారు. కుంభకోణంలో చదువుకునేటప్పుడు, మూడు పళ్లు ముగ్గురికి పంచితే తలా ఒకటి, ఏ సంఖ్యనైనా దానితోనే భాగిస్తే ఒకటే అని మాస్టారు చెప్పారట. "సున్నా పళ్లు సున్నామందికి పంచినా తలా ఒకటేనా?" అని కుర్రాడు అడిగాడట. ఎక్స్ బై ఎక్స్ ఒకటి అని రాసేటప్పుడు "ఎక్స్ సున్నా కాకపోతే" అని చేర్చేది ఇందుకే. ఆ కుర్రాడే పెద్దయ్యాక, 1912లో, మీవారు పని చేస్తున్న పోర్టులోనే గుమస్తాగా చేరాడు. ఈ సంగతి మీవారి చేత చెప్పించండి. మా నాన్న పోర్టు అంటే వాడికీ గొప్పగా ఉంటుంది.

ట్యూషన్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు, హాఫ్ ఇయర్లీ పరీక్షల దాకా చూడండి. ఈలోగా రోజూ పావుగంట, పిండి కట్టేటప్పుడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి. పుస్తకంలో లెక్క వాడు చదవాలి, దాన్ని పిండి లెక్కగా మీరు మార్చాలి. వారం తర్వాత వాడు మార్చాలి, మీరు వినాలి. ఇంగ్లిష్ మాటలు వాడికొచ్చు, తూకం మీకొచ్చు.

ఈ ఆదివారానికి ఒక లెక్క. అమ్మ 20 కిలోలు రుబ్బింది. ఇంట్లోకి 2 కిలోలు తీసి పెట్టుకుంది. మిగిలింది ప కిలోల చొప్పున కడితే 12 ప్యాకెట్లు వచ్చాయి. ప ఎంత? ముందు సమీకరణం రాయమనండి, పైన 20 మైనస్ 2, కింద ప, గీత పొడుగ్గా. ఒకటిన్నర అంటే సరే. 216 అంటే మాత్రం ఏమీ అనకండి, ఒక ప్యాకెట్ కవరు చేతికిచ్చి నింపమనండి.